బ్యాకప్ లేని పక్షి

ఫోన్ చేతిలోనే ఉంది కదా, ఒక్కసారి మ్యాప్స్ తెరవండి. నార్కోండం అని టైప్ చేయండి. ముందు నీలం రంగు తప్ప ఏమీ కనిపించదు. జూమ్ చేస్తూ పోతే, అండమాన్ దీవులకు తూర్పున, నడి సముద్రంలో ఒక ఆకుపచ్చ చుక్క బయటపడుతుంది. మన హుస్సేన్‌సాగర్ కంటే కాస్త పెద్దది, అంతే. మొత్తం వైశాల్యం 6.8 చదరపు కిలోమీటర్లు.

ఆ చుక్క మీద ఒక పక్షి బతుకుతోంది. నార్కోండం హార్న్‌బిల్ దాని పేరు. అడవిలో స్వేచ్ఛగా ఎగిరే ఆ పక్షిని చూడాలంటే ఈ భూమ్మీద ఆ ఒక్క చుక్కే దిక్కు. పక్క దీవిలో లేదు. అటు మయన్మార్‌లో లేదు, ఇటు అండమాన్‌లోని మిగతా దీవుల్లోనూ లేదు.

నేను పక్షుల నిపుణుణ్ని కాదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. సర్వర్లు పడిపోకుండా చూడటం, పడిపోతే అర్ధరాత్రి లేచి నిలబెట్టడం నా పని. పోయిన శీతాకాలంలో కజిన్ పెళ్లికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లేదాకా ఈ పక్షి పేరు కూడా నాకు తెలీదు. తెలిశాక మాత్రం వదల్లేదు. ఎందుకంటే దాని సమస్య నాకు బాగా తెలిసిన సమస్య.

బాబాయ్ చెప్పిన దీవి

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, మా బాబాయ్ నోట ఇంకా పాత పేరే వస్తుంది. అక్కడ బజారుకెళితే తెలుగు వినపడని వీధి ఉండదేమో అనిపించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగే. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లు. మా బాబాయ్ కూడా అంతే. కుర్రతనంలో విశాఖలో ఓడెక్కి, రెండు రోజులకు పైగా ప్రయాణం చేసి అక్కడ దిగాడు. తర్వాత నలభై ఏళ్లు ఓడల ఇంజన్ గదుల్లోనే పనిచేసి రిటైరయ్యాడు.

పెళ్లి హడావుడి అయ్యాక ఒక సాయంత్రం, పిన్ని చేపల పులుసు వడ్డిస్తుంటే, ‘బాబాయ్, నువ్వు చూసినవాటిలో అన్నిటికంటే వింత దీవి ఏది?’ అని అడిగాను.

‘నరక కుండం’ అన్నాడు వెంటనే.

నార్కోండం అనే పేరు ‘నరక కుండం’ నుంచే వచ్చిందని ఒక వాదన ఉంది. తమాషా ఏంటంటే, అక్కడ నరకమూ లేదు, మంటలూ లేవు. అది ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం. అండమాన్‌లో ఇప్పటికీ పొగ కక్కే అగ్నిపర్వతం బారెన్ దీవి, దీనికి దక్షిణంగా ఉంది. పాతకాలపు నావికులు రెండు దీవుల పేర్లూ తారుమారు చేసి ఉంటారని కొందరి అనుమానం. నార్కోండం నిండా దట్టమైన అడవి. దీవి నడుమ 710 మీటర్ల శిఖరం. మన తిరుమల కొండ కంటే కొంచెం తక్కువ ఎత్తు, కాకపోతే నేరుగా సముద్రంలోంచే లేచి నిలబడుతుంది.

బాబాయ్ అక్కడికి ఎనభైల్లో రెండుసార్లు వెళ్లాడట. దీవిలోని పోలీసు ఔట్‌పోస్టుకు సరుకులు మోసే ఓడలో. ‘ఒడ్డుకి దగ్గరైనాక ఇంజను ఆపుతాం కదా. అప్పుడినపడ్డాది. బుస్, బుస్ అని. రైలింజను అనుకున్నాను, సముద్రంలో రైలేటని పైకొచ్చి సూస్తే, పక్షులురా! వాటి రెక్కల సప్పుడు!’ అన్నాడు.

హార్న్‌బిల్ ఎగిరితే రెక్కల చప్పుడు నిజంగానే అలా వినిపిస్తుంది. ఈకల మధ్య నుంచి గాలి దూసుకుపోవడం వల్ల వచ్చే శబ్దం అది. ఆ రాత్రి పడుకునే ముందు ఫోన్లో ఆ పక్షి గురించి చదవడం మొదలుపెట్టాను. తెల్లవారుజామున మూడింటికి గానీ ఆపలేదు.

తలుపు మూసుకునే తల్లి

హార్న్‌బిల్ జాతి పక్షులు మనకు కొత్తేం కాదు. మారేడుమిల్లి, పాపికొండల అడవుల్లో తిరిగినవాళ్లకు తెలుసు. పెద్ద ముక్కు, దాని మీద టోపీ పెట్టినట్టు ఇంకో ముక్క. నార్కోండం హార్న్‌బిల్ కూడా ఆ కోవదే. పొడవు 66 సెంటీమీటర్ల దాకా, బరువు కిలో లోపే. మగదానికి తల, మెడ ఇటుక రంగు. ఆడది నల్లగా నిగనిగలాడుతుంది. రెండింటికీ తెల్లటి తోక, గొంతు దగ్గర నీలం కలిసిన తెల్లటి సంచి. 1873లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఏ.ఓ. హ్యూమ్. అవును, తర్వాత కాంగ్రెస్ పార్టీ స్థాపనలో ముందున్న హ్యూమే. ఆయనకు పక్షుల పిచ్చి.

దీని కాపురం చదివితే ఆశ్చర్యమేస్తుంది. గూడు కట్టదు. పెద్ద చెట్టు కాండంలో ఉన్న తొర్ర వెతుక్కుంటుంది. ఆడపక్షి లోపలికి వెళ్లి, తన రెట్టతో, పండ్ల గుజ్జుతో ద్వారాన్ని లోపలి నుంచే పూడ్చేసుకుంటుంది. ముక్కు పట్టేంత సన్నటి చీలిక మాత్రం వదులుతుంది. గుడ్లు పెట్టడం, పొదగడం, పిల్లని సాకడం అన్నీ ఆ చీకటి గదిలోనే. అన్ని రోజులూ మగపక్షి పండ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తూనే ఉంటుంది. దానికి ఏదైనా అయితే లోపల ఉన్న తల్లీపిల్లల ప్రాణం మీదికొస్తుంది.

ఈ కాపురానికి రెండే అవసరాలు. ఒకటి, తొర్ర పట్టేంత ముసలి, లావుపాటి చెట్లు. రెండు, ఏడాది పొడవునా పండ్లు. రెండో అవసరం తీర్చేవి మర్రి జాతి చెట్లు. మన మర్రి, రావి, మేడి, జువ్వి అన్నీ ఆ కుటుంబానివే. ఈ చెట్ల ప్రత్యేకత ఏంటంటే అన్నీ ఒకేసారి కాయవు. ఒకటి అయిపోయేసరికి ఇంకోటి పండుతుంది. కాబట్టి అడవిలో ఎక్కడో ఒకచోట భోజనం రెడీగా ఉంటుంది. నార్కోండంలో ఈ జాతి చెట్లు చాలా ఎక్కువ. పక్షి పండు తింటుంది, గింజను ఇంకెక్కడో వదులుతుంది, అక్కడ మళ్లీ మొక్క లేస్తుంది. అడవి పక్షిని పోషిస్తే, పక్షి అడవిని నాటుతుంది. వందల వేల ఏళ్లుగా ఇదే సర్క్యూట్ నడుస్తోంది.

1,026 అంటే ఎక్కువా, తక్కువా?

ఇక లెక్కల దగ్గరకొద్దాం. 1972లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన ఎస్.ఏ. హుస్సేన్ దీవికెళ్లి, దాదాపు 400 పక్షులు ఉంటాయని అంచనా వేశారు. 2000 ప్రాంతంలో రవి శంకరన్ అనే శాస్త్రవేత్త వేసిన అంచనా 300 చుట్టుపక్కల. ఆ తర్వాత 2019 చివర, 2020 మొదట్లో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు దీవిలో మకాం వేసి, కొండ కింది నుంచి పై దాకా నడిచి లెక్క తీశారు. వాళ్ల అంచనా 1,026.

అంటే చదరపు కిలోమీటరుకు సుమారు 150 పక్షులు. ప్రపంచంలో హార్న్‌బిల్స్ ఇంత కిక్కిరిసి బతికే చోటు దాదాపు లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మూడుసార్లూ లెక్కించిన పద్ధతి ఒకటి కాదు. కాబట్టి 300 నుంచి నేరుగా 1,026కి పెరిగాయని గ్రాఫ్ గీసేయడం సరికాదు. కానీ పక్షులు బాగానే ఉన్నాయన్నది మాత్రం నిజం.

మరి బాగానే ఉంటే, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఇంకా దీన్ని ‘ముప్పు ముంగిట’ ఉన్న జాతుల జాబితాలో ఎందుకు ఉంచినట్టు?

ఐయూసీఎన్ రూల్‌బుక్‌లో సమాధానం దొరుకుతుంది. ఒక జాతిని ఆ జాబితాలో వేయడానికి సంఖ్య తగ్గుతూనే ఉండాలని లేదు. పిల్లల్ని కనే వయసున్నవి 1,000 కంటే తక్కువ ఉన్నా చాలు. లేదంటే, అది బతికే చోటు మొత్తం కలిపి 20 చదరపు కిలోమీటర్ల లోపే ఉండి, ఏదైనా ఒక్క దెబ్బకు కుప్పకూలే అవకాశం ఉన్నా చాలు. నార్కోండం మొత్తం 6.8 మాత్రమే. ఆ 1,026లో పిల్ల పక్షులూ ఉన్నాయి. రెండు రూల్సూ వర్తిస్తాయి.

ఇది చదివినప్పుడు నాకు మా ఆఫీసులో జరిగిన ఒక రాత్రి గుర్తొచ్చింది. కంపెనీ పేరు వద్దులెండి. మా డేటాబేస్‌కు మూడు కాపీలు ఉండేవి. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని ధీమా. ఒక రోజు ఆ డేటా సెంటర్‌కి కరెంటు పోయింది, జనరేటర్ లేవలేదు. మూడు కాపీలూ ఒకే గదిలో ఉన్నాయి. మూడూ ఒకేసారి పోయాయి. ఆ రాత్రి ఫోన్లో మా మేనేజర్ అడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవిలో మోగుతుంది: ‘మూడున్నాయన్నావు కదా?’ ఉన్నాయి సార్. మూడూ ఒకే చోట ఉన్నాయి.

నార్కోండంలో 1,026 కాపీలున్నాయి. అన్నీ ఒకే గదిలో. ఒక పెద్ద తుపాను, ఒక అంటురోగం, ఒక కార్చిచ్చు, ఏదైనా సరే తలుపు తడితే, పారిపోయి తలదాచుకోవడానికి రెండో దీవి లేదు.

మేకలు చేసిన తప్పు

తుపాను మన చేతిలో లేదు. కానీ ఈ దీవిని గతంలో నిజంగా కుదిపింది తుపాను కాదు. మేక.

1960ల చివర్లో దీవిలో పోలీసు ఔట్‌పోస్టు పెట్టారు. కారణం ఉంది. అప్పట్లో ఈ దీవి మాదని బర్మా అంటుండేది. 1986లో రెండు దేశాల మధ్య సముద్ర సరిహద్దు ఒప్పందం జరిగేదాకా ఆ చిక్కు తెగలేదు. దీవి మనదని చూపించాలంటే మన మనుషులు అక్కడ ఉండాలి. మనుషులు ఉంటే తిండి కావాలి. అందుకని కొంత అడవి కొట్టి తోటలు వేశారు. 1976లో కొన్ని మేకల్ని తెచ్చి వదిలారు.

ఆ మేకల్ని తినే జంతువు దీవిలో లేదు. కొద్ది మేకలు మందలయ్యాయి. అడవిలోకి వెళ్లి అడవి మేకలైపోయాయి. మేక పెద్ద చెట్టును ఏమీ చేయలేదు. లేత మొక్కని మాత్రం వదలదు. పైకి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది, కింద మాత్రం కొత్త మొక్క లేవడం ఆగిపోతుంది. ఈ రోజు పక్షి గూడు పెట్టుకునే లావుపాటి చెట్టు ఎప్పుడో ఒకప్పుడు పడిపోతుంది. దాని స్థానంలోకి రావాల్సిన మొక్కని మేక ముప్పై ఏళ్ల క్రితమే తినేసి ఉంటుంది. ఆ నష్టం మనకు తెలిసేసరికి సరిచేసే టైమ్ దాటిపోతుంది. మా భాషలో సైలెంట్ డేటా కరప్షన్ అంటాం. ఎర్రర్ రాదు, అలారం మోగదు. ఒక రోజు ఫైల్ తెరిస్తే లోపల ఏమీ ఉండదు.

ఔట్‌పోస్టులో ఉండేవాళ్లలో కొందరు మాంసం కోసం హార్న్‌బిల్స్‌ను కూడా వేటాడారని పరిశోధకులు రాశారు. ఇదంతా చదివి మర్నాడు పొద్దున్నే బాబాయ్ దగ్గర ఆవేశపడ్డాను. ‘ఎవడు బాబాయ్ ఆ దీవిలో మేకల్ని వదిలింది? బుర్ర ఉండక్కర్లేదా?’ అని.

బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు. ‘ఆ మేక కూర నేనూ తిన్నానురా’ అన్నాడు. ‘నువ్వేమో ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో బిరియానీ వస్తాది. ఆళ్లకి ఓడొస్తేనే కూరగాయ. గాలి గట్టిగా ఉంటే ఓడ ఒడ్డుకి రాదు. ఉప్పూ బియ్యం మీద ఎన్నాళ్లుంటావు? మేకని తెచ్చినోడు పక్షిని సంపేద్దామని తేలేదు. ఆకలేసి తెచ్చాడు.’

నాకు మాట రాలేదు. మా సర్వర్ గదిలో మూడు కాపీలూ పెట్టినవాడు కూడా కంపెనీని ముంచుదామని పెట్టలేదు. అద్దె కలిసొస్తుందని పెట్టాడు.

రవి శంకరన్ లాంటివాళ్లు మేకల సంగతి గట్టిగా రాశారు. వేట ఆపాలని, మేకల్ని తీసేయాలని పట్టుబట్టారు. చివరికి దీవిలోంచి మేకల్ని తొలగించారు. వేట ఆగింది. ఆయన 2009లో చిన్న వయసులోనే కన్నుమూశారు. 1,026 అనే అంకె ఆయన చూడలేదు. ఇందులో మనం పట్టుకోవాల్సిన మాట ఏంటంటే, ఈ దీవి మీద మనిషి చేసిన తప్పును మనిషే దిద్దగలిగాడు. టైముకి చూశారు కాబట్టి కుదిరింది.

రాడార్ గొడవ

అది చల్లారిందనుకునేలోపు ఇంకో ప్రశ్న లేచింది. నార్కోండానికి వాయవ్యంగా 120 కిలోమీటర్ల దూరంలో మయన్మార్‌కు చెందిన కోకో దీవులున్నాయి. ఆ సముద్రం మీద నిఘా కోసం నార్కోండంలో రాడార్, దానికి కరెంటు ఇచ్చే డీజిల్ జనరేటర్లు పెడతామని కోస్ట్‌గార్డ్ ప్రతిపాదించింది. 2012లో కేంద్ర పర్యావరణ శాఖ, పక్షికి ముప్పని, కుదరదంది. 2014లో కొత్త ప్రభుత్వం వచ్చాక అదే శాఖ అనుమతి ఇచ్చింది.

సోషల్ మీడియాలో ఇలాంటి విషయం వస్తే మనం రెండు జట్లుగా విడిపోతాం. ‘దేశం కంటే పక్షి ఎక్కువా?’ అని ఒకరు, ‘అభివృద్ధి పేరుతో విధ్వంసం’ అని ఇంకొకరు. మా ఇంట్లోనూ అదే జరిగింది. బాబాయ్ రాడార్ పక్షం. ‘సముద్రం మీద బతికినోణ్ని. రాత్రిపూట ఎవడి పడవ ఎక్కడ తిరుగుతోందో తెలీకపోతే ఎలా? కాపలా ఉండాల’ అన్నాడు. నేను పక్షి పక్షం. పిన్ని ఇద్దర్నీ చూసి, ‘దీవి ఏమైనా మీ పెరడా, పంచుకుంటున్నారు’ అంది.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, అసలు ప్రశ్న రాడార్ కావాలా వద్దా అన్నది కాదనిపించింది. రాడార్ ఆక్రమించే స్థలం చిన్నదే. కానీ దాని వెనకాల వచ్చేవి చాలా ఉంటాయి. కొండ మీదికి రోడ్డు, రోడ్డు వేయడానికి మనుషులు, ఆ మనుషులకు తిండి, వంటచెరకు, సామాన్లు దించే ఓడలు, ఆ ఓడల్లో మనం చూడని ప్రయాణికులు. ఎలుకలు, చీమలు, కలుపు విత్తనాలు, పెంపుడు పిల్లులు. 1976లో వచ్చిన మేకలు కూడా ఒక ప్రాజెక్టులో భాగం కాదు. ప్రాజెక్టు వెనకాల వచ్చిన సామాను.

మా ఆఫీసులో ఒక నియమం ఉంది. రెండో కాపీ లేని సిస్టమ్ మీద ఏ మార్పు చేయాలన్నా, ఎంత చిన్నదైనా, ఇద్దరు వేరే వాళ్లు చదివి సంతకం పెట్టాలి. తేడా వస్తే వెనక్కి ఎలా వెళ్తామో ముందే రాసి ఉండాలి. ఆ మూడు కాపీలు పోయిన రాత్రి తర్వాత వచ్చిన నియమం అది. దీవి విషయంలో నేను కోరుకునేది కూడా అంతకంటే ఎక్కువ కాదు. కాపలా కాయండి. కానీ అడుగు పెట్టే ప్రతి పెట్టె తనిఖీ అవ్వాలి. ప్రతి చెట్టుకూ లెక్క ఉండాలి. ఇదే పని వేరే చోటి నుంచి, అంటే ఓడ మీద నుంచో ఉపగ్రహం నుంచో చేయగలమా అన్న ప్రశ్న ముందు అడగాలి.

గువామ్ చెప్పే పాఠం

‘ఒక్క జంతువు దిగితే ఏమవుతుంది, మరీ ఎక్కువ చెప్తున్నావు’ అనుకునేవాళ్ల కోసం గువామ్ కథ.

పసిఫిక్ సముద్రంలో గువామ్ అనే ఉష్ణమండల దీవి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో సైనిక సామాన్లతో పాటు ఒక గోధుమరంగు చెట్టుపాము అక్కడికి చేరింది. అంతకుముందు అలాంటి పాము చూడని పక్షులు అవి. భయపడాలని కూడా వాటికి తెలీదు. నలభై ఏళ్లు తిరిగేసరికి దీవిలోని అడవి పక్షి జాతుల్లో ఎక్కువ భాగం కనిపించకుండా పోయాయి. అడవి నిశ్శబ్దమైపోయింది. పక్షులు లేక సాలీళ్లు విపరీతంగా పెరిగాయి.

ఆ దీవికే సొంతమైన ఒక లకుముకి పిట్ట ఉండేది. స్థానికులు దాన్ని సిహెక్ అంటారు. 1980ల మధ్యలో, ఇంక లాభం లేదని తెలిసి, మిగిలిన 29 పక్షుల్ని పట్టి జూలకు తరలించారు. 1988 తర్వాత అడవిలో ఒక్కటీ లేదు. దాదాపు నలభై ఏళ్లు ఆ జాతి పంజరాల్లోనే పిల్లల్ని కంటూ బతికింది. 2024లో, తొమ్మిది పక్షుల్ని పాములు లేని పాల్‌మైరా అనే వేరే దీవిలో వదిలారు. అవి అక్కడ ఎగిరాయి.

బ్యాకప్ అంటే ఏంటో ఈ కథ చూపిస్తుంది. దాని ఖరీదూ చూపిస్తుంది. నలభై ఏళ్ల మనుషుల శ్రమ, తొమ్మిది పక్షులు.

మరి నార్కోండం హార్న్‌బిల్స్‌ను కొన్నింటిని పట్టి ఇంకో దీవిలో వదిలేస్తే సరిపోదా? నాకూ మొదట తట్టిన ఐడియా అదే. ఇంజనీర్ బుర్ర కదా. కానీ అది ఫైల్ కాపీ చేసినంత తేలిక కాదు. ఆ కొత్త దీవిలో ఏడాదంతా కాసే మర్రి జాతి చెట్లు కావాలి. తొర్రలున్న ముసలి చెట్లు కావాలి. అక్కడ ముందే ఉన్న పక్షుల తిండికి ఇది పోటీ రాకూడదు. లేదంటే ఒక జాతిని కాపాడబోయి ఇంకో జాతి మీదికి మనమే మేకల్ని తోలినట్టు అవుతుంది. కాబట్టి ఈ రోజుకు ఉన్న ఒకే ఒక్క మంచి బ్యాకప్ ప్లాన్, ఉన్న ఒరిజినల్‌ను చెడగొట్టకుండా చూసుకోవడమే.

ఆ ఒరిజినల్‌లో ఇంకా ఏమేం ఉన్నాయో కూడా మనకు పూర్తిగా తెలీదు. 2021లో, అంటే మనమంతా మాస్కులు పెట్టుకుని ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఇదే దీవి నుంచి ఒక కొత్త చుంచెలుక జాతిని శాస్త్రవేత్తలు ప్రకటించారు.

మనకేంటి సంబంధం?

సూటిగా చెప్పాలంటే, ఆ దీవికి మీరూ నేనూ వెళ్లలేం. 1977 నుంచి అది వన్యప్రాణి అభయారణ్యం. ప్రత్యేక అనుమతి లేకుండా ఎవరూ దిగకూడదు. నేను బాబాయ్‌ని అడిగాను, ఎవరైనా తెలిసినవాళ్ల ద్వారా దూరం నుంచైనా చూపించగలవా అని. అటు తీసుకెళ్లేవాళ్లు ఉన్నారేమో కనుక్కుంటానన్నాడు. రెండు రోజులాగి నేనే వద్దన్నాను. ఒక ఫొటో కోసం, ఒక రీల్ కోసం వెళ్లే జనంలో నేనొకణ్ని కాదల్చుకోలేదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి సముద్రం మీద సుమారు 260 కిలోమీటర్లు. మనం అక్కడ లేకపోవడమే ఆ పక్షికి మనం చేయగల మేలు.

కానీ మనం చేయకూడనివి, చేయగలిగేవి కొన్ని ఉన్నాయి. అండమాన్ ట్రిప్‌కు వెళ్తే ఏ దీవికీ విత్తనాలు, మొక్కలు, పెంపుడు జంతువులు తీసుకెళ్లకండి. షూస్ అడుగున మట్టి ఉంటే దులుపుకుని ఎక్కండి. వింతగా అనిపించవచ్చు గానీ, ఒక కలుపు మొక్కకి అంత మట్టి చాలు. మూసి ఉన్న దీవికి తీసుకెళ్తామని ఎవరైనా గుట్టుగా డబ్బులు అడిగితే ఒప్పుకోకండి. పక్షులంటే ఇష్టం ఉంటే ఈబర్డ్ యాప్‌లో మీరు చూసినవి నమోదు చేయండి. మీ ఊరి చెరువు దగ్గర చూసినవైనా సరే.

ఊరి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఇలాంటి కథ మన ఇంట్లోనూ ఉంది. కలివి కోడి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న పక్షి, 1986లో కడప జిల్లా లంకమల అడవిలో దొరికింది. దాన్ని రాత్రిపూట పట్టుకుని తెచ్చింది అయితన్న అనే స్థానికుడు. దాని కోసం అభయారణ్యం ఏర్పాటైంది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. చుట్టూ సముద్రం లేకపోయినా, చుట్టూ పొలాలు, రోడ్లు, క్వారీలు వచ్చేస్తే చిట్టడవి కూడా దీవే. నార్కోండం చాలా దూరం అనుకునేవాళ్లకు లంకమల దగ్గరే.

తిరుగు ప్రయాణం రోజు బాబాయ్ ఎయిర్‌పోర్టుకు వచ్చాడు. లోపలికి వెళ్లబోతుంటే, ‘ఒరేయ్, ఆ పక్షులు ఎన్నున్నాయన్నావు?’ అని అడిగాడు.

‘వెయ్యీ ఇరవయ్యారు బాబాయ్. నాలుగైదేళ్ల కిందటి లెక్క.’

‘ఎనభైల్లో నేను సూసినపుడు ఎన్నుండేవో. ఆ మేక కూర తిన్నపుడు ఈ సంగతి తెలీదు’ అన్నాడు. కాసేపాగి, ‘ఉంటాయిలే. మేకలు లేవు కదా ఇపుడు’ అన్నాడు.

విమానం లేచాక కిటికీ పక్కన కూర్చుని తూర్పు వైపు చూశాను. నీలం తప్ప ఏమీ కనపడలేదు. ఆ దూరం నుంచి కనపడదని నాకు తెలుసు. అయినా చూశాను. ఆ టైముకి అక్కడ ఏదో ఒక చెట్టు తొర్రలో ఒక తల్లి తలుపు మూసుకునే పనిలో ఉండి ఉంటుంది. ఆ పక్షులు గూళ్లు వెతుక్కునేది ఫిబ్రవరిలోనే. హైదరాబాద్‌లో దిగి ఫోన్ ఆన్ చేయగానే ఆఫీసు నుంచి మెసేజ్: ‘బ్యాకప్ టెస్ట్ ఈ రాత్రికి నీ వంతు.’ చేస్తానని రిప్లై ఇచ్చాను.